దారం కట్టిన పువ్వు

మద్దిగుంపులో గుమ్మడి పిందెను ఎవరూ వేలితో చూపించరు. చూపించక తప్పనప్పుడు పిడికిలి బిగించి, ఆ పిడికిలిని అటువైపు ఊపుతారు. వేలు చూపిన పిందె మూడు రోజుల్లో పసుపెక్కి రాలిపోతుందని వాళ్ళ నమ్మకం. నడక నేర్చిన పిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతి, ఖమ్మం పక్కన ఖానాపురం హవేలి నుంచి రోజూ బస్సెక్కి వచ్చే వ్యవసాయశాఖ ఉద్యోగిని శ్యామలకు తెలియదు.

2007 ఆగస్టు ఆఖర్లో ఒక ఉదయం ఆమె ఏన్కూరు దాటి, అడవి అంచున ఉన్న ఆ కోయగూడేనికి వచ్చింది. కుంజా భీమక్క పెరట్లో అడుగుపెట్టి, తీగల మధ్య వరిగడ్డి పరుపు మీద కూర్చున్న కాయను చూసింది. రెండు వారాల కాయ. అప్పటికే ఇత్తడి బిందెంత ఉంది.

"అబ్బ! ఎంత కాయో!" అంటూ చూపుడు వేలు సూటిగా చాపింది.

భీమక్క చేతిలోని తట్ట కింద పడింది. "వేలు! వేలు ముడువు!"

శ్యామల ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఏమైంది?"

"కొరుకు."

"ఏం కొరకాలి?"

"ఆ వేలే. నీ వేలు నువ్వు కొరుక్కో మేడం. జల్దీ. లేకుంటే కాయ పోతది."

పక్క తండా నుంచి కూలికి పిలవడానికి వచ్చిన మంగ్లి కంచె మీద మోచేతులు ఆనించి చూస్తోంది. వ్యవసాయంలో డిగ్రీ చేసిన శ్యామల అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూ వేలు నోట్లో పెట్టుకుంది.

"గట్ల చీకుడు గాదు," అంది మంగ్లి. "పన్ను గాటు పడాలె."

శ్యామల గట్టిగా కొరికింది. "అమ్మా!" అని అరిచింది. భీమక్క ఆ వేలు పట్టుకుని గాటు చూసి, సరేనన్నట్టు తలూపింది. అప్పుడు గాని ఆమె ముఖంలోకి రంగు రాలేదు.

అంత భయం ఎందుకంటే, ఆ ఏడు ఆమెకున్నది ఆ ఒక్క కాయే. దాని కడుపులో పండాల్సిన గింజలు తప్ప, ఆ జాతి గింజ ఆమె ఇంట్లో ఇంకొకటి లేదు.

భీమక్కకు అప్పటికి యాభై దాటి ఉంటాయి. పుట్టిన తేదీ రాసి పెట్టినవాళ్ళు లేరు. ఎండాకాలంలో తునికాకు, వానాకాలంలో నాట్లు, కలుపు, ఆ తర్వాత మిరపకాయ ఏరడం. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు వెంకటప్పయ్య తోటలోనే ఆమెకు ఏడాదిలో సగం కూలి. భర్త లచ్చయ్య అడవిలో తపసి చెట్ల నుంచి బంక తీస్తాడు, పని దొరికినప్పుడు కూలికి పోతాడు. ఇల్లూ పెరడూ కలిపి ఐదు గుంటలు. తాతల నాటి నుంచి ఉంటున్న ఆ నేలకు కాగితం లేదు. అటవీశాఖవాళ్ళు పాతిన హద్దురాయి పెరటి కంచెకు నాలుగడుగుల అవతలే ఉంది.

ఆ పెరట్లో ఆమె ఏటా గుమ్మడికాయ పెంచుతుంది. కూరకు కాదు, అమ్మకానికి కాదు. కాయ ఎంత పెద్దదవుతుందో చూడాలని. అంతే.

ఈ "అంతే" అన్నది చాలామందికి మింగుడు పడలేదు. వెంకటప్పయ్య ఒకసారి గట్టు మీద నిలబడి అడిగాడు: "ఏంటి భీమక్కా, దానివల్ల ఉపయోగమేంటి? ఆ ఎరువేదో నాలుగు వంగ మొక్కలకి వేసుకుంటే కూరన్నా వచ్చేది కదా."

"సుశీలమ్మగారు ఇంటిముందు గులాబీలు పెంచుతరు గద దొరా. అవి వండుకుంటరా?"

కలుపు తీస్తున్న ఆడవాళ్ళు తలలు దించుకుని నవ్వారు. ఆయన భార్య సుశీలమ్మకు ఈ మాట చేరితే ఆమె కూడా నవ్విందట.

పేదవాళ్ళు కష్టపడితే లోకం మెచ్చుకుంటుంది. పేదవాళ్ళు సరదాపడితే లోకానికి అనుమానం వస్తుంది. డాబా మీద పూలకుండీలు పెట్టుకున్నవాడికి అభిరుచి ఉందంటారు. దినమంతా వంగి పనిచేసి వచ్చిన ఆడమనిషి తన పెరట్లో ఒక కాయ పక్కన గొంతుకూర్చుని అరగంట చూస్తూ ఉంటే, దీనికి పనిలేదంటారు. భీమక్క ఈ రెండో మాటను ఎనిమిదేళ్ళుగా వింటోంది. విని, మళ్ళీ కాయ దగ్గరికే పోతోంది.

ఆ గింజ ఆమెకు ఒక తునికాకు కల్లంలో దొరికింది. ఆకు కట్టలు ఆరబోసే చోట, గోదావరి అవతల భద్రాచలం దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలామె ఆమె పక్కన కూర్చుని అంబలి తాగింది. తాగి, కొంగు ముడి విప్పి మోదుగాకులో చుట్టిన పది గింజలు చేతిలో పెట్టింది.

"మా తాత కాలంల ఈ కాయ ఇద్దరు మోసేటోళ్ళంట," అంది. "నేనైతే సూడలే. నువ్వు సూడు. ఒక్క మాట. అడిగినోళ్ళకు గింజ లేదనొద్దు."

ఆ చివరి మాట కొత్తదేం కాదు. ఆ అడవి పల్లెల్లో గింజ అమ్మరు. అడిగితే కాదనరు. తీసుకున్నవాళ్ళు మరుసటి ఏడు పిడికెడుకు రెండు పిడికిళ్ళు తిరిగిస్తారు. కానీ "ఇద్దరు మోసేటోళ్ళంట" అన్న మాట భీమక్క మనసులో పడిపోయింది.

మొదటి ఏడు కాయ మంచి పెద్దదే కాసింది. దాని గింజ వేస్తే రెండో ఏడు కాసినవి చెంబంత, చెంబంత. కొన్ని సొరకాయల్లా మెడ సాగాయి. ఇంకొకరైతే నేలను తిట్టుకుని ఊరుకునేవాళ్ళు. భీమక్క పొద్దున్నే పూల దగ్గర కూర్చుని చూసింది. తేనెటీగ ఒకటి పక్కింటి పాదు మీది పువ్వులో పొర్లి, వీపంతా పసుపు పూసుకుని ఎగిరొచ్చి ఈ ఆడపువ్వులో దూరింది.

"ఓహో," అనుకుంది భీమక్క. "ఆడ పూసుకొని ఈడ తుడుసుకుంటున్నవా?"

బడి మెట్టు ఎక్కని మనిషి. ఎవరూ చెప్పలేదు. ముసలామె ఇచ్చిన పదింటిలో మిగిలిన గింజలతో రెండు వానాకాలాలు తిప్పలు పడి ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. రేపు పొద్దున విచ్చుకునే పువ్వు ఈ సాయంత్రమే మొన దగ్గర పసుపు తేలుతుంది. అలాంటి ఆడపువ్వు మొన, ఒక మగపువ్వు మొన ముందురోజే దారంతో కట్టేస్తే ఈగ దూరదు. తెల్లవారగానే రెండూ విప్పి, మగపువ్వు రేకులు ఒలిచి, పుప్పొడిని ఆడపువ్వులో తానే అద్ది, మళ్ళీ కట్టేయాలి. అప్పుడు తల్లీ తండ్రీ ఒకే జాతి. ఆ గింజ మారదు. దారం ఎక్కడిదంటే, ఆమెకున్న ఒకే ఒక మంచి నేతచీర ఎర్ర అంచు నుంచి లాగినది. పచ్చటి ఆకుల్లో ఎర్రగా కనపడుతుందని, వెతుక్కోకుండా దొరుకుతుందని.

తర్వాత పాదుకు ఒక్క కాయే ఉంచుతుంది. మిగతా పిందెలు తుంచేస్తుంది. తీగ కణుపుల మీద మట్టి కప్పి, కణుపు కణుపుకూ వేరు పట్టేలా చేస్తుంది. ఆకుల మీద పొద్దున్నే మంచు తడి ఉండగా బూడిద చల్లుతుంది. ఎండ ముదిరితే కాయకు టేకు ఆకుల గొడుగు. కాయలు ఏటికేడు పెరిగాయి. గూడెంవాళ్ళు, తండావాళ్ళు వచ్చి చూసి, గింజలు అడిగి తీసుకుపోయేవాళ్ళు. వాళ్ళ పెరళ్ళలో మాత్రం రెండో తరానికే చెంబు కాయలయ్యేవి.

"నీ కాయే ఎందుకు గట్లయితదే?" అని అడిగేది మంగ్లి.

"చేతి వాసి," అనేది భీమక్క.

"మరి ఆ ఎర్రదారం ఏంది?"

"దిష్టికి."

ఇది భీమక్కలోని ఒకే ఒక్క పిసినారితనం. గింజ అడిగినవాళ్ళకల్లా దోసెడు పోసింది. ఉపాయం మాత్రం దాచుకుంది. కూలికి పోయినచోట ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళే తక్కువ. "గుమ్మడికాయ భీమక్క" అని మాత్రం చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకు తెలుసు. ఆ ఒక్క పేరునూ ఇంకొకరితో పంచుకోబుద్ధి కాలేదు. అలా రెండు ఊళ్ళ ఆడవాళ్ళు ఆరేళ్ళుగా తమ గుమ్మడి తొడిమలకు శ్రద్ధగా ఎర్రదారాలు చుడుతూ వచ్చారు, కాయ పడిన వారానికి. ఈగ వచ్చి పోయాక తలుపు వేసినట్టు.

ఆ ఏడు ఆమె అడిగినవాళ్ళందరికీ పంచగా ఎనిమిది గింజలు మిగిలాయి. ఎనిమిదీ నాటింది. మూడు మొలిచాయి. జూలైలో అడవి పందులు కంచె తోసుకొచ్చి రెండు పాదులు వేళ్ళతో సహా పెళ్ళగించాయి. మిగిలింది ఒక పాదు, ఒక కాయ.

శ్యామలకు ఇదంతా తెలియదు. వేలు ఊదుకుంటూ, కాయ చుట్టూ తిరిగి చూసింది. "ఏం మందు వేశావు భీమక్కా?"

"పెంటకుప్ప ఎరువు."

"మరి జాతి చెడకుండా ఎలా కాపాడుకుంటున్నావు? గుమ్మడి ఊరికే కలిసిపోతుంది కదా."

ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమే. భీమక్క ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. కంచె మీద మంగ్లి ఉంది.

"చేతి వాసి," అంది.

వెళ్ళబోతూ శ్యామల చెప్పింది: వచ్చే నెల ఇరవై ఏడున ఏన్కూరులో రైతు సదస్సు. హైదరాబాద్ నుంచి పెద్దలు వస్తున్నారు. ఈ కాయను వేదిక మీద పెడతాం. పక్కన నీ పేరు రాసిన బోర్డు. మైకులో పిలిచి శాలువా కప్పుతారు.

"అది అప్పటికి పండదు మేడం. కొత్తల పండుగ దాకా తీగ మీదనే ఉండాలె. ముందు తెంపితే లోపల తాలు గింజలే."

"అవన్నీ నేను జూసుకుంట మేడం, మీరు పోయి రాండ్రి," అన్నాడు లచ్చయ్య, గుడిసె గుమ్మంలోంచి.

ఆ సాయంత్రం మొదలైన వాదం నెలరోజులు సాగింది.

"గింజ ఎప్పుడైనా వస్తది," అనేవాడు లచ్చయ్య. "మైకుల నీ పేరు మళ్ళ వస్తదా?"

"గింజ ఏడ నుంచి వస్తదయ్యా? నీ గోచిలకెళ్ళా?"

కొత్తల పండుగ చేయకుండా కొత్త పంట ముట్టకూడదని గూడెం కట్టు. ఆ కట్టు తనను కాపాడుతుందనుకుని భీమక్క పూజారి దగ్గరికి పోయింది. ఆ పెద్దాయన చుట్ట పీలుస్తూ ఆలోచించి, "తినకుంటే సాలు. తెంపి సూపెట్టుకుంటే తప్పు లేదు," అన్నాడు. సర్కారువాళ్ళను ఎదిరిస్తే పెరటి వెనక రాయి ఇంకో నాలుగడుగులు ముందుకు జరుగుతుందని ఆయన భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. వెంకటప్పయ్య కూడా తోటలో పిలిచి చెప్పాడు: "ఇచ్చెయ్ భీమక్కా. మన ఊరికి పేరొస్తుంది. కాదంటే రేపు మిరపకాయలకి నిన్నెలా పిలవను?"

నవ్వుతూనే అన్నాడు. అయినా అర్థమవాల్సింది అర్థమైంది.

కాయ మాత్రం ఈ మాటలేవీ పట్టించుకోకుండా పెరుగుతూనే ఉంది. బిందె నుంచి గాబంత అయింది. రాత్రి చూసిన చోట పొద్దున్నే గడ్డి పరుపు నలిగి ఉండేది. భీమక్క రోజూ తొడిమను గోటితో నొక్కి చూసేది. పచ్చిగా, మెత్తగా గోరు దిగేది. తొడిమ ఎండి కట్టెలా గట్టిపడాలి. దాని పక్కన నులితీగ మాడిపోవాలి. అప్పుడు గింజ పండినట్టు. ఇంకా నెల పడుతుంది. "నన్నడగకుండ్రి, దాని తొడిమనడుగుండ్రి," అని అందరికీ ఒకటే మాట చెప్పేది. అవుననలేదు, కాదనలేదు.

సెప్టెంబరు మధ్యలో వాన మొహం చాటేసింది. పది రోజులు నేల ఎండి నెర్రెలిచ్చింది. భీమక్క రోజూ రెండు కుండల నీళ్ళు, అదీ వేరుకు దూరంగా, కొంచెం కొంచెం పోసేది. సదస్సు నాలుగు రోజులుందనగా ఆమె కలుపుకు పోయిన పూట లచ్చయ్య కావడి భుజానికెత్తాడు. బోరింగుకూ పెరటికీ మధ్య పొద్దున్నుంచి తిరుగుతూనే ఉన్నాడు. ఎన్ని కావళ్ళు పోశాడో అతనికే లెక్క లేదు. నాలుగు రోజుల్లో కాయ ఇంకో జానెడు లావెక్కితే, మైకులో ఇంకాస్త గట్టిగా పేరు పిలుస్తారని అతని లెక్క. ఎండిన నేల గటగటా తాగింది. తీగ తాగింది. కాయ తాగింది.

మధ్యాహ్నం దాటాక "టప్" మని శబ్దం వచ్చిందట. మేకపిల్ల కట్టెల మీంచి దూకిందనుకున్నాడు లచ్చయ్య.

భీమక్క వచ్చేసరికి అతను కాయ పక్కన మట్టిలో కూర్చుని ఉన్నాడు. భుజం మీద కావడి బద్ద ఒరుసుకుని ఎర్రగా కమిలిపోయింది. కాయ మీద, తొడిమకు బెత్తెడు కింద, జానెడు పొడవున పగులు. అందులోంచి నీరు ఊరుతోంది.

భీమక్క అరవలేదు. అది చూసి లచ్చయ్యకు ఇంకా భయం వేసింది.

"తిట్టవే," అన్నాడు.

"ఎన్ని కుండలు?"

"పొద్దటి సంది పోసిన."

"మనిషివా మబ్బువా?"

"నీ పేరు..." అని ఆగిపోయాడు. కాసేపటికి మళ్ళీ అన్నాడు. "ముప్పై ఏండ్లయె కూలికి పోబట్టి. ఒక్కడన్న నీ పేరు గట్టిగ పిలిచిండా? 'ఓయ్' అంటరు, 'ఓ ముసలీ' అంటరు. మైకుల పిలుస్తరంటే... ఇనాలనిపించింది."

భీమక్క లేచింది. "పోయి నీ బంక డబ్బా తే."

లచ్చయ్య చెట్ల నుంచి తీసిన తపసి బంక ఇంట్లో డబ్బాడు ఉంది. దాన్ని వేడినీళ్ళలో నానేసి పలచగా పిసికింది. పొయ్యి బూడిద జల్లెడ పట్టి కలిపింది. పగులును పొడిగుడ్డతో అద్ది అద్ది ఆరబెట్టి, దీపం సెగ దూరంగా చూపించి, ఆ ముద్దను వేలితో లోపలిదాకా నింపింది. పైన పాత గుడ్డ పేలిక, దాని మీద మళ్ళీ బంక, దాని మీద బొగ్గుపొడి. కాయ కింద గడ్డి మార్చింది. తడి మట్టిని పారతో దూరంగా లాగేసి, ఎండిన మట్టి నింపింది.

మర్నాడు పొద్దున మంగ్లి వచ్చి చూసి ముక్కు మీద వేలేసుకుంది. వేలు కాయ వైపు పోకుండా జాగ్రత్తపడింది లెండి.

"పగులు జానెడన్నవ్. పట్టీ మూరెడున్నదేందే? సగం కాయ నల్లగ జేసినవ్."

భీమక్క చేతులు కడుక్కుంటోంది. "బంక మిగిలింది," అంది.

మంగ్లి ఆమెను పైకీ కిందికీ చూసింది. "దొంగముండా," అంది మెచ్చుకోలుగా, చిన్న గొంతుతో.

ఇరవై ఆరో తేదీన ట్రాక్టరు వచ్చింది. తొట్టిలో పరుపు పరిచి ఉంది. శ్యామలతో పాటు పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. కాయను చూసి నిలబడిపోయాడు. తర్వాత దాని మీద నల్లటి పట్టీ చూశాడు.

"ఇదేంటి?"

"దెబ్బ తగిలింది సార్," అంది భీమక్క. "కట్టు కట్టిన."

"తీసెయ్యొచ్చుగా?"

"తీస్తే లోపలున్నది బయటికొస్తది. మీ పెద్దసారు బట్టల మీద వడితే మా పూచీ గాదు."

ఆయన శ్యామల వైపు తిరిగాడు. "ఈ కట్టు కట్టిన కాయని స్టేజీ మీద పెడితే పేపర్లవాళ్ళు ఊరుకుంటారా? రైతు పరిస్థితి ఇదీ అని బొమ్మేస్తారు." నిజానికి ఆ బొమ్మ వేసి ఉంటే ఆ సదస్సుకు అంతకంటే సరైన బొమ్మ దొరికేది కాదు. ట్రాక్టరు ఖాళీగా తిరిగిపోయింది. వేదిక మీద వెంకటప్పయ్య తోట బత్తాయిలు పెట్టారని తర్వాత తెలిసింది.

శ్యామల వెళుతూ ఒక్క నిమిషం వెనక ఆగింది. పిడికిలి బిగించి, పట్టీ వైపు ఊపింది. "నిజంగా అంత పెద్ద పగులా భీమక్కా?"

భీమక్క నవ్వలేదు. "పండుగకు రా మేడం," అంది.

అప్పటి నుంచి నెల రోజులు ఆమె ఆ కాయకు బాలింతరాలికి చేసినట్టు చేసింది. వాన మబ్బు కనిపిస్తే తాటాకు గొడుగు పట్టేది. పట్టీ అంచులు రోజూ వాసన చూసేది. ఒక వారం పులిసిన వాసన సన్నగా వచ్చింది. ఆ వారం సరిగా తినలేదు. లచ్చయ్య పిలవకుండానే అడవికి పోయి కొత్త బంక తెచ్చాడు. ఇద్దరూ కలిసి పట్టీ మార్చారు. దసరా దాటేసరికి ఆకులు ఎండి, నులితీగ మాడింది. ఒక పొద్దున తొడిమ మీద గోరు దిగలేదు. భీమక్క మళ్ళీ నొక్కింది. దిగలేదు. అక్కడే కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

కొత్తల పండుగనాడు లచ్చయ్య తొడిమ కోశాడు. కాయను ఎత్తబోయి, ఒక్కడి వల్ల కాక నడుము పట్టుకున్నాడు. మంగ్లి మొగుడు బిచ్యా వచ్చాడు. తాళ్ళ వలలో కాయను పెట్టి, వెదురుబొంగు దూర్చి, ముందు ఒకరు, వెనక ఒకరు భుజాన వేసుకున్నారు. బొంగు మధ్యలో వంగి కిర్రుమంది.

భీమక్క వెనక నడుస్తూ చూసింది. ఇద్దరు మోస్తున్నారు. గోదావరి అవతలి ముసలామె చూడని కాయ. ఆమె పేరు కూడా ఆ రోజు అడగలేదు.

వేల్పుల ముందు మొక్కు అయ్యాక పూజారి కత్తి వేశాడు. కాయ రెండుగా విచ్చుకుంది. చుట్టూ నిలబడ్డవాళ్ళు ముందుకు వంగారు.

పగులు వైపు సగం నల్లబడి నీరు కారింది. లోపలికి తడి దిగిన చోటల్లా గింజలు మొలకెత్తబోయి కుళ్ళిపోయాయి. రెండో సగం మాత్రం మోదుగుపువ్వు రంగులో మెరిసిపోతోంది. భీమక్క మోకాళ్ళ మీద కూర్చుని ఆ సగంలో చేతులు పెట్టింది. ఒక్కో గింజ తీసి బొటనవేలితో నొక్కింది. నొక్కుకుపోయింది తాలు. పక్కన పారేసింది. ఇంకొకటి. తాలు. ఇంకొకటి తీసింది. అది నొక్కుకుపోలేదు. రాయిలా నిలబడింది.

ఆఖరికి ఆమె ఒళ్ళో ఇరవై ఆరు గింజలు మిగిలాయి. అంత కాయకు ఇరవై ఆరు. అయినా ఇరవై ఆరు.

మామూలుగా ఈ పాటికి ఆడవాళ్ళు చుట్టూ మూగి కొంగులు చాచేవాళ్ళు. "నాకు పది," "మా కోడలికి ఐదు," అని గోల ఉండేది. అడిగితే కాదనకూడదన్న కట్టు ఉంది కాబట్టి భీమక్క ఒళ్ళు దులిపేదాకా వదిలేవాళ్ళు కాదు. ఆ రోజు ఎవరూ కదల్లేదు. ఒకామె పిల్లవాడి ముక్కు తుడుస్తోంది. ఒకామె పొయ్యి ఎగదోస్తోంది. శ్యామల కూడా వచ్చింది. ఆమె ఏదో అడగబోతే మంగ్లి మోచేత్తో పొడిచింది.

భీమక్క తలెత్తింది. "ఏందే, ఒక్కదానికీ గింజ వద్దా?"

"మా ఇంట్ల ఉన్నయి," అంది ఒకామె. లేవు. అందరికీ తెలుసు.

"మా పెరట్ల జాగ లేదు," అంది ఇంకొకామె.

"గుమ్మడి తింటే నాకు పడ్తలేదు," అంది మంగ్లి. నిన్న సంతలో గుమ్మడి ముక్క కొనుక్కున్నది ఆమే.

అడిగితే లేదనకూడదన్న మాటను భీమక్క ఎనిమిదేళ్ళు నిలబెట్టుకుంది. ఆ మాట వల్ల ఆమెకు నష్టం రాకూడదని, ఈ రోజు రెండు ఊళ్ళ ఆడవాళ్ళు నోళ్ళు కట్టుకుని కూర్చున్నారు. వీళ్ళకా తను దిష్టి దారమని చెప్పింది? ఒక పంది, ఒక కావడి నీళ్ళు, ఒక పగులు. ఇంతలో పోయేది కదా. వీళ్ళ పెరళ్ళలో కూడా ఇదే కాయ ఉండి ఉంటే ఈ నెల రోజులు అలా బిక్కచచ్చి బతకాల్సిన పనే ఉండేది కాదు.

లేచి నిలబడింది. మంగ్లి చెయ్యి లాగి, అరచేతిలో మూడు గింజలు పెట్టి వేళ్ళు మూసింది.

"వద్దంటి గద!"

"ఉత్తగ ఇస్తలేను. పువ్వు కట్టుడు నేర్చుకోవాలె. నేర్చుకోనోళ్ళకు గింజ లేదు."

"పువ్వు కట్టుడేంది?"

భీమక్క నేల చూపులు చూసింది. "ఆ ఎర్రదారం... దిష్టికి గాదు."

చెప్పింది. తేనెటీగ వీపు, ముందురోజు పసుపు తేలిన మొన, దారం, తెల్లవారగానే విప్పడం, అద్దడం, మళ్ళీ కట్టడం. అన్నీ చెప్పింది. శ్యామల నోరు తెరుచుకుని వింటోంది. కాలేజీలో పుస్తకం చూసి తను నేర్చుకున్న పని అది.

మంగ్లి నడుము మీద చేతులు పెట్టుకుంది. "అంటే ఆరేండ్ల సంది మేము కాయలకు దారాలు చుట్టుకుంట, దండాలు పెట్టుకుంట తిరిగితే, నువ్వు కంచె యెనక నవ్వుకున్నవా?"

"కొంచెం," అంది భీమక్క.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. పూజారి కూడా చుట్ట తీసి నవ్వాడు. మంగ్లి మాత్రం రెండు నిమిషాలు నిజంగానే తిట్టింది, లంబాడీలో, తెలుగులో. తిట్టి, చెయ్యి మళ్ళీ చాచింది. "మూడేంది? ఐదియ్యి. ఆరేండ్ల బాకీ."

ఇరవై ఆరు గింజల్లో ఇరవై రెండు ఏడిళ్ళకు పోయాయి. శ్యామలకు ఒకటి వచ్చింది. భీమక్క మూడు ఉంచుకుంది. గుంపు మధ్యలో లచ్చయ్య ఒక దుంగ ఎక్కాడు. రెండు చేతులూ నోటి చుట్టూ గొట్టంలా పెట్టుకుని, "కుంజా భీమక్కా..." అని అడవి మారుమోగేలా పిలిచాడు.

"ఏందయ్యా, సచ్చిపోతున్నవా?"

"మైకు," అన్నాడు లచ్చయ్య.

మరుసటి వానాకాలం మద్దిగుంపులో, పక్క తండాలో కలిపి పదిహేను పాదులు లేచాయి. చీకటి విడవకముందే ఆడవాళ్ళు భీమక్క కంచె దగ్గర చేరేవాళ్ళు, పువ్వు కట్టడం నేర్చుకోవడానికి. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆమె తన నేతచీర అంచు నుంచి ఒక పోగు లాగి ఇచ్చేది. వేరే దారం పనికొస్తుందని ఆమెకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. అయినా వాళ్ళు అదే అడిగేవాళ్ళు. అడిగితే లేదనడం ఆమెకు రాదు. శ్రావణం వెళ్ళేసరికి ఆ చీరకు అంచన్నది మిగల్లేదు.